జాజికాయ గంధం వేసిన ఎగ్‌నాగ్ కుకీలు

నవంబర్ మొదలవగానే ఇక్కడ అమెరికాలో మా ఊరి సూపర్ మార్కెట్‌లో పాల డబ్బాల పక్కన ఎగ్‌నాగ్ డబ్బాలు వచ్చి కూర్చుంటాయి. కనిపించిన రోజే రెండు తెచ్చేస్తాను. ఒకటి తాగడానికి, ఒకటి కుకీలకు. జనవరి మొదటి వారం దాటిందంటే మళ్లీ ఏడాదంతా వెతికినా దొరకడం కష్టం.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. పాలు, మీగడ, చక్కెర, గుడ్డు పచ్చసొన కలిపి చిక్కగా కాచి, చల్లార్చి, పైన జాజికాయ పొడి చల్లుకుని తాగేదే ఎగ్‌నాగ్. పార్టీల్లో రమ్మో బ్రాందీయో కలుపుకుంటారు గానీ, పాల పక్కన పెట్టి అమ్మే మామూలు డబ్బాల్లో మందు ఉండదు. ఇక్కడివాళ్లకు క్రిస్మస్ అంటే ఇది ఉండాల్సిందే. మా పెన్సిల్వేనియా ఇంటికి వచ్చిన మొదటి డిసెంబర్‌లో పక్కింటావిడ చిన్న గ్లాసులో పోసి తెచ్చిచ్చింది. ఆవిడకి అప్పటికే డెబ్బై దాటాయి. మంచులో మెట్లెక్కి వచ్చి, నేను తాగేదాకా గుమ్మంలోనే నిలబడింది. ఒక గుక్క తాగగానే నాకు ఈ రుచి ఎక్కడో తెలుసనిపించింది. ఎక్కడో మాత్రం గుర్తుకు రాలేదు.

మాది గుంటూరు. క్రిస్మస్ వస్తోందంటే మా ఇంట్లో ఇరవై రోజుల ముందు నుంచే హడావుడి. గులాబీ పువ్వుల అచ్చు పైనుంచి దించి నూనె రాసి పెట్టడం, కజ్జికాయలకి కొబ్బరి తురమడం, కేకు పిండి కలిపి పెద్ద గిన్నెలో బేకరీకి మోసుకెళ్లి వాళ్ల పొయ్యిలో కాల్పించుకోవడం. రాత్రిపూట క్యారల్స్ వాళ్లు వస్తే ఆ పళ్లెం వాళ్ల ముందు పెట్టడం. ఇక్కడి మా లూథరన్ చర్చిలో ఒక పెద్దాయన మాది గుంటూరని తెలిసి, "ఫాదర్ హయ్యర్ వెళ్లిన ఊరా!" అన్నాడు. 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ హయ్యర్ గారిని పంపింది పెన్సిల్వేనియా లూథరన్లే. ఆ మాట విన్న రోజు నుంచి నాకు ఈ చర్చి పరాయిదనిపించలేదు.

ఈ చర్చిలోనే డిసెంబర్‌లో ఒక శనివారం కుకీ ఎక్స్‌ఛేంజ్ జరుగుతుంది. ఎవరికి వారు ఒకే రకం కుకీలు మూడు నాలుగు డజన్లు చేసి తెస్తారు. బల్లల మీద వరసగా పెట్టి, అందరూ అన్నిటిలోంచి కొన్ని కొన్ని తీసుకుని ఇంటికి వెళ్తారు. నేను ఎగ్‌నాగ్ కుకీలు చేస్తానని పేరిచ్చాను. మొదటి రెండేళ్లూ అవి నేను అనుకున్నట్టు కుదరలేదు. కప్పు ఎగ్‌నాగ్ పిండిలో పోశాను. కుకీలు పొంగి, మెత్తబడి, చప్పని కేకు ముక్కల్లా తయారయ్యాయి. రుచి చాలలేదేమోనని మరుసటేడు ఇంకాస్త పోశాను. ఇంకా చప్పబడ్డాయి. ఎవరూ ఏమీ అనలేదు. కానీ బల్ల మీద నా పళ్లెమే ఆఖర్న మిగిలింది. అది చూసి చాలా బాధపడ్డాను.

కారణం తర్వాత అర్థమైంది. అమెరికాలో ఎగ్‌నాగ్ అని పేరు పెట్టి అమ్మాలంటే అందులో కనీసం 6 శాతం పాలకొవ్వు, 1 శాతం పచ్చసొన ఘనపదార్థం ఉండాలని నిబంధన. అంటే ఎంత చిక్కగా కనిపించినా ఎక్కువ భాగం నీళ్లే. పిండిలో ఎంత పోస్తే అంత నీళ్లు పోసినట్టు. ఆ నీళ్లకి మైదా సాగుతుంది, కుకీ కేకులా పొంగుతుంది. పచ్చసొన రుచి అంత కొంచెం ఉన్నది ఓవెన్‌లోకి వెళ్లాక అసలే తెలియదు.

మూడో ఏడు అమ్మ వచ్చింది. ఆరు నెలలు ఉందామని వచ్చి, సూట్‌కేసులో గోంగూర పచ్చడితో పాటు చిన్న సానరాయి కూడా తెచ్చింది. అప్పుడు మా పాపకి ఐదు నెలలు. "ఈ చలిలో పిల్లకి జాజికాయ అరగదీసి పెట్టకపోతే ఎట్లా?" అని అమ్మ పట్టుదల. పాపకి పెట్టే విషయంలో మా డాక్టర్ని అడిగాను, ఏడాది లోపు వద్దన్నారు, మానేశాం. సానరాయి మాత్రం వంటింటి గట్టు మీద అలాగే ఉండిపోయింది.

ఒక సాయంత్రం అమ్మకి ఎగ్‌నాగ్ పోసిచ్చాను. ముందు వాసన చూసింది. "మందు కలుపుతారంటగా దీంట్లో?" అంది. మా అబ్బాయి బళ్లో విన్న కథ ఎత్తుకున్నాడు. 1826 క్రిస్మస్‌కి వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో కుర్రాళ్లు ఎగ్‌నాగ్‌లో కలుపుకోవడానికి దొంగచాటుగా విస్కీ తెచ్చుకుని, తాగి, పెద్ద గొడవ చేశారట. ఆ కథ విన్నాక అమ్మ డబ్బా మీద ఏమేం రాసి ఉందో మొత్తం నా చేత చదివించుకుంది. అప్పుడు ఒక గుక్క తాగి, గ్లాసు దించి నా వైపు చూసింది.

"జాజికాయే కదే ఇది! నీ చిన్నప్పుడు రోజూ నీళ్లు పోశాక నీ నాలిక మీద రాసింది ఇదే."

మొదటి ఏడు గుమ్మంలో నిలబడి తాగినప్పుడు నాకు గుర్తురానిది అదే. అమ్మమ్మ సానరాయి, దాని మీద తడిగా గోధుమరంగు గంధం, ఆ వాసన. నాలిక మీద రాసింది నాకు గుర్తుండే అవకాశం లేదు గానీ, తమ్ముడికి రాస్తుంటే పక్కన కూర్చుని వేలు పెట్టి నాకేదాన్ని. ఇండోనేషియాలోని బందా దీవుల్లో పుట్టిన ఈ కాయ ఒక వైపు మా అమ్మమ్మ సానరాయి మీదికి, ఇంకో వైపు పక్కింటావిడ గ్లాసులోకి చేరింది. దాని ఎర్రటి పొరే మనం బిర్యానీలో వేసే జాపత్రి అని చెబితే మా అబ్బాయి నమ్మలేదు.

కుకీల సంగతి అమ్మతో చెప్పుకున్నాను. అమ్మ ఆలోచించడానికి ఒక్క నిమిషం కూడా తీసుకోలేదు. "నీళ్లెక్కువైతే మరిగించెయ్. కోవాకి పాలు ఇగరబెట్టవూ?" అంది. నాకు ఆ ఊహే రాలేదు, ఎందుకంటే ఎగ్‌నాగ్‌ని అమెరికా వస్తువుగానే చూశాను తప్ప, పాలుగా చూడలేదు.

ఒక కప్పు, అంటే 240 మి.లీ. ఎగ్‌నాగ్ వెడల్పాటి మూకుడులో పోసి సన్న సెగ మీద పెట్టాం. అంచుల్లో ఆవిరి రావాలి గానీ తెర్లకూడదు. తెర్లితే గుడ్డు విరుగుతుంది. అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. అరగంటకి సగమైంది. అక్కడక్కడ చిన్న పలుకులు కట్టాయి. వడగడితే సరిపోయింది. అప్పుడు అమ్మ సానరాయి దగ్గరకి లాక్కుని, నీళ్లకి బదులు ఈ చిక్కటి ఎగ్‌నాగే రెండు చుక్కలు వేసి జాజికాయ అరగదీసింది. పది నిమిషాలకి టీ చెంచాడు గంధం వచ్చింది. దాన్ని మిగతా ఎగ్‌నాగ్‌లో కలిపేసింది. జాజికాయ వాసన నూనెలో ఉంటుంది, ఆ నూనె కొవ్వులో బాగా కలుస్తుంది. పొడిగా చల్లితే పైపైన తగిలే వాసన ఇలా చేస్తే పిండి అంతటా పట్టింది. సీసాలో అమ్మే జాజికాయ పొడి కొనకండి. పొడి చేసి నిల్వ పెడితే ఆ నూనె ఎగిరిపోతుంది. సానరాయి లేకపోతే సన్నటి తురుముపీట మీద అప్పటికప్పుడు తురుముకుని గోరువెచ్చటి ఎగ్‌నాగ్‌లో నానబెట్టండి.

మిగతాది మామూలే. 170 గ్రాముల వెన్న మెత్తబడ్డాక 200 గ్రాముల చక్కెరతో తెల్లబడేదాకా గిలకొట్టాలి. రెండు పచ్చసొనలు వేయాలి, తెల్లసొన వద్దు. అందులో నీళ్లెక్కువ, మళ్లీ మొదటికొస్తుంది. ఇగిరిన 120 మి.లీ. ఎగ్‌నాగ్‌లోంచి 80 మి.లీ. ఇందులో పోసి కలిపి, 300 గ్రాముల మైదా, చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా ఉప్పు, పావు చెంచా దాల్చినచెక్క పొడి వేయాలి. పిండి మెత్తగా ఉంటుంది, కంగారుపడి ఇంకా మైదా వేయొద్దు. గంట సేపు ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది. పెద్ద ఉసిరికాయంత ఉండలు చేసి కొంచెం అదిమి, 175 డిగ్రీల సెల్సియస్‌లో 11 నిమిషాలు. అంచులు లేత బంగారు రంగు తిరగాలి, మధ్యలో ఇంకా పచ్చిగా ఉందనిపించాలి. ఆ పళ్లెంలోనే వదిలేస్తే ఆ వేడికే సరిపోతుంది. మూడు డజన్లు వస్తాయి. మిగిలిన 40 మి.లీ. ఎగ్‌నాగ్‌లో 150 గ్రాముల పొడి చక్కెర కలిపి, కుకీలు పూర్తిగా చల్లారాకే పైన పూయాలి. గట్టిగా ఉంటే ఒక చెంచా పాలు పోసుకోవచ్చు. రమ్ ఎసెన్స్ నాలుగు చుక్కలు వేసేవాళ్లున్నారు, మేం వెయ్యం. జాజికాయ వాసన దాని కింద పడిపోతుంది.

ఆ శనివారం మా పళ్లెం ముందే ఖాళీ అయింది. పక్కింటావిడ ఒకటి తిని, అమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది. అమ్మకి ఆ ఇంగ్లీషు అర్థం కాలేదు. అయినా ఇద్దరూ అలా చేతులు పట్టుకునే నిలబడ్డారు.

అమ్మ వెళ్తూ సానరాయి నాకే వదిలేసింది. ఈ ఏడు గుంటూరులో తనే చేస్తానంది. అక్కడ ఎగ్‌నాగ్ డబ్బాలు ఎక్కడ వెతుకుతుంది పాపం. అందుకని ఇలా చెప్పాను: 300 మి.లీ. చిక్కటి పాలు సగానికన్నా తక్కువయ్యేదాకా ముందే మరిగించి, గోరువెచ్చగా అయ్యాక ఒక పచ్చసొన, రెండు చెంచాల చక్కెర గిలకొట్టి కలిపి, మళ్లీ సన్న సెగ మీద గరిటె వెనక అంటుకునేదాకా తిప్పమన్నాను. పచ్చసొన పడ్డాక మాత్రం మరగనివ్వొద్దన్నాను.

ఈరోజు పొద్దున ఆరున్నరకి ఫోన్ చేసింది. అక్కడ సాయంత్రం ఐదు. సెమీ క్రిస్మస్‌కి తీసుకెళ్లాలట. "పాలు ఇగిరాయి, అమ్మమ్మ సాన కడిగి పెట్టా. కాయ ఎంతసేపు తియ్యమన్నావే?" అని అడిగింది. పది నిమిషాలన్నాను. ఫోన్ బల్ల మీద పెట్టేసి అరగదీయడం మొదలుపెట్టింది. నేను కట్ చెయ్యకుండా ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను.