మీ ముఖం మీ రంగులోనే ఉండనివ్వండి

సిఫారసు చేసే మనిషి లేనివాళ్లకే మంచి ఫోటో అవసరం ఎక్కువ. మేనమామ కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నవాడికి ఫోటో ఎలా ఉన్నా ఫోను మోగుతుంది. అవనిగడ్డ నుంచో తిరువూరు నుంచో వచ్చి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన అమ్మాయిని బెంగళూరులో కూర్చున్న హెచ్‌ఆర్ అధికారి మొట్టమొదట చూసేది ఉద్యోగాల సైటు లింక్డ్‌ఇన్‌లో గోరంత గుండ్రటి బొమ్మలోనే. విజయవాడ గవర్నర్‌పేటలో మా నాన్నగారు నడిపిన స్టూడియోను ఇప్పుడు నేను నడుపుతున్నాను. పెళ్లిళ్ల ఫోటోలకు మంచి డబ్బు వస్తుంది, కాదనను. అయినా నా మనసు ఎక్కువగా ఉండేది ఉద్యోగాల వేటలో వచ్చే ఈ పిల్లల ఫోటోల మీదే.

ఆ గోరంత బొమ్మకు ఎంత బలం ఉందో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జానైన్ విల్లిస్, అలెగ్జాండర్ టోడొరోవ్ 2006లో ప్రచురించిన పరిశోధన చెబుతుంది. ఒక ముఖాన్ని సెకనులో పదో వంతు చూపిస్తే చాలు, ఈ మనిషిని నమ్మవచ్చా, పని చేతనవునా అన్న అభిప్రాయం ఏర్పడిపోతోందట. ఇంకా ఎక్కువసేపు చూపించినా ఆ అభిప్రాయం పెద్దగా మారలేదు, దాని మీద ధీమా మాత్రం పెరిగింది. ఒకే మనిషివి వేర్వేరు ఫోటోలు చూపిస్తే చూసేవాళ్ల అభిప్రాయాలు కూడా మారిపోతాయని 2014లో టోడొరోవ్ మరో పరిశోధనలో చూపించారు. ముఖం చూసి సామర్థ్యాన్ని తేల్చేయడం అన్యాయమే. ఆ అన్యాయం జరిగే క్షణంలో మన పిల్లలు మసక వెలుతురులో, పెళ్లి పందిట్లో గుంపులోంచి కత్తిరించిన ఫోటోతో దొరికిపోకూడదని నా తాపత్రయం.

సెల్ఫీ సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. 2018లో అమెరికాలోని రట్గర్స్ వైద్యులు లెక్కగట్టి చెప్పారు: అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు వెడల్పు దాదాపు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుంది, ఐదడుగుల దూరంలో ఆ తేడా లేనట్టే. కాబట్టి స్టూడియోకు రాలేకపోతే బాధలేదు, ఫోను తమ్ముడి చేతికిచ్చి ఐదారడుగుల దూరంలో నిలబడమనండి. ఉదయం పూట ఉత్తరం కిటికీ పక్కన కూర్చోండి. నాలుగు సెల్ఫీలు ఇస్తే సూటు తొడిగి పంపే కృత్రిమ మేధ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. అవి ఇచ్చే ముఖం మీ చుట్టంలా ఉంటుంది తప్ప మీలా ఉండదు.

ఇక అసలు సంగతికి వస్తాను. కుర్చీలో కూర్చోగానే మా పిల్లలు అడిగే మొదటి మాట, "మేడమ్, కాస్త తెల్లగా వస్తుందా?" అని. కొందరు నోరు తెరిచి అడగరు, పక్కనున్న అమ్మానాన్నలు అడుగుతారు. ఎంత చదివినా, ఎన్ని మార్కులు వచ్చినా ఆ దిగులు వీళ్లను వదలదు. వింటుంటే నాకు కోపం వస్తుంది, పిల్లల మీద కాదు.

తప్పు ఎక్కడుందో మా వృత్తిలో వాళ్లకు తెలుసు. ఫిల్ము కాలంలో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ల్యాబులకు కార్డులు పంపేది. షర్లీ కార్డులనేవారు. వాటి మీద దశాబ్దాలపాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. ఆమె చర్మం సరిగ్గా పడితే అందరి రంగూ సరిగ్గా పడినట్టే లెక్క. ముదురు రంగు చర్మం మీద వివరమంతా నీడలో కలిసిపోయేది, దానికి ఎవరూ జవాబుదారీ కాదు. కెమెరాలు మారాయి, ఆ అలవాటు మాత్రం మారలేదు. తెల్లటి తెర ముందు కూర్చోబెట్టి ఎదురుగా ఫ్లాష్ కొడితే చామనఛాయ ముఖం ఉన్నదానికన్నా నల్లగా, జిడ్డుగా పడుతుంది. తర్వాత కంప్యూటర్‌లో సున్నం కొట్టినట్టు తెల్లగా చేసి ఇస్తారు. వెలుగు సరిగ్గా పెట్టి ఉంటే ఆ పనే అవసరం లేదు.

మొన్న డిసెంబరులో గుడివాడ నుంచి ఒక తల్లి, ఎంబీఏ ఆఖరి సంవత్సరం చదువుతున్న కూతురు వచ్చారు. "అమ్మా, పిల్ల చామనఛాయ. కంప్యూటర్‌లో కొంచెం తెల్లగా చేసేయండి" అంది ఆ తల్లి, పిల్ల వింటుండగానే. "పది నిమిషాలు ఓపిక పట్టండమ్మా, నచ్చకపోతే డబ్బులివ్వొద్దు" అన్నాను. తెల్ల తెర తీసేసి బూడిదరంగు తెర దించాను. వెలుగును మెత్తగా పరిచే పెద్ద దీపం పెట్టెను, అంటే సాఫ్ట్‌బాక్స్‌ను, ఎడమ పక్కకు, కంటి ఎత్తుకు కాస్త పైన పెట్టి, కుడి పక్కన తెల్లటి థర్మాకోల్ అట్ట నిలబెట్టాను. వెలుగు పక్క నుంచి పడేసరికి చెంప ఎముక మీద సన్నటి మెరుపు గీత వచ్చింది. రెండు కళ్లలోనూ దీపం ప్రతిబింబం చిన్న చుక్కలా నిలిచింది. ఆ చుక్క లేని కన్ను ఫోటోలో నిద్రపోతున్నట్టే ఉంటుంది. "గడ్డం కొంచెం ముందుకు, కొంచెం కిందికి" అన్నాను. భుజాలు బిగిసిపోయి ఉన్నాయి. ప్రాజెక్టు ఏం చేశావమ్మా అని అడిగాను. వాళ్ల నాన్నగారి ఎరువుల దుకాణంలో సరుకు లెక్క తప్పకుండా తాను తయారుచేసిన పట్టిక గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడ బస్తాలు తేడా వచ్చాయో, ఆ తేడా ఎలా పట్టుకుందో చెబుతూ చెబుతూ కెమెరా సంగతే మరిచిపోయింది. అప్పుడు తీశాను.

తెర మీద ఫోటో చూసి ఆ తల్లి కాసేపు మాట్లాడలేదు. తర్వాత కూతురి వైపు తిరిగి, "నువ్వు అచ్చం మా అమ్మలా ఉన్నావే" అంది. తెల్లగా చేయమన్న మాట మళ్లీ ఎత్తలేదు. నేను చేసింది కుడి కనుబొమ మీది మొటిమ తీసేయడం ఒక్కటే. వారంలో పోయేదాన్ని తీసేస్తాను, జన్మంతా ఉండే మచ్చనూ రంగునూ ముట్టుకోను. నాకున్న నియమం అదే.

బట్టల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చాలా పాస్‌పోర్ట్ ఫోటో స్టూడియోల్లో మేకుకు ఒక కోటు, ముడి విప్పని టై వేలాడుతుంటాయి. ఎవరికీ సరిపోని ఆ కోటుకు వెనక క్లిప్పులు పెట్టి అందరికీ తొడుగుతారు. వద్దు. ఇస్త్రీ చేసిన మీ సొంత చొక్కా చాలు. సన్న గీతలది మాత్రం వద్దు, కెమెరాలో అలలు అలలుగా కనబడుతుంది. సన్నటి జరీ అంచున్న మంగళగిరి నూలు చీరలో ఆడపిల్ల ఎంత నిబ్బరంగా కనిపిస్తుందో నా దగ్గర తీయించుకున్నవాళ్లను అడగండి. బొట్టు ఉంచుకోండి. మే నెలలో బందరు రోడ్డు ఎండలోంచి వస్తే మా ఫ్యాను కింద పావుగంట కూర్చోండి, తొందరేం లేదు.

ఫోటో చేతికొచ్చాక లింక్డ్‌ఇన్‌లో గుండ్రంగా కత్తిరిస్తారని గుర్తుంచుకుని ముఖం చట్రంలో దాదాపు 60 శాతం ఉండేలా చూసుకోండి. అదే ఫోటో నౌకరీ సైటులోనూ ఈమెయిల్‌లోనూ పెట్టండి, అన్ని చోట్లా ఒకే మనిషిగా గుర్తుపడతారు. అమెరికా, బ్రిటన్ కంపెనీలకు పంపే రెజ్యూమెలో మాత్రం ఫోటో వద్దు. వివక్షకు తావివ్వకూడదని అక్కడ సాధారణంగా అడగరు. వీసా ఫోటో తెచ్చి ఇక్కడ పెట్టడమూ వద్దు. అమెరికా వీసాకు తెల్లటి తెర ముందు, రెండంగుళాల చదరంలో, 2016 నవంబరు నుంచి కళ్లద్దాలు కూడా లేకుండా తీస్తాం. రోజూ కళ్లద్దాలు పెట్టుకునే మీరు ఇంటర్వ్యూకు అవి పెట్టుకునే కదా వెళ్తారు.

ఇంకొక్క మాట, ఇది మన ఊళ్లలో తరచుగా ఎదురయ్యేదే. తిరుమల మొక్కు ఉంటే ఇంటర్వ్యూల తేదీలు చూసుకుని వెళ్లండి. భవానీ దీక్షలోనో అయ్యప్ప మాలలోనో ఉన్నప్పుడు గడ్డంతో ఉంటే ఆ ఫోటో కూడా మీదే, సిగ్గుపడాల్సిన పనిలేదు. మొక్కు తీర్చుకుని కొండ దిగగానే పిలుపు వస్తే, పాత ఫోటోలో జుట్టున్న మనిషి కోసం వాళ్లు వీడియోకాల్‌లో వెతుక్కోకూడదు. గుండుతోనే రండి, తీస్తాను.