కడుపు జబ్బున్న పిల్లల మాట ముందు నమ్మండి

క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి, పేగుల్లో వాపు వచ్చే దీర్ఘకాలిక జబ్బులున్న పిల్లలు చాలాసార్లు బయటికి మామూలుగానే కనిపిస్తారు, అందుకే స్కూలు ఎగ్గొట్టడానికి నాటకాలాడుతున్నారని పెద్దవాళ్లు తేలిగ్గా అనేస్తారు. నాకు చాలా కోపం తెప్పించే మాట ఇది. పేగుల్లో వాపు, పుండ్లు ఉన్నప్పుడు విరేచనం ఆపుకోవడం వాళ్ల చేతిలో ఉండదు. క్లాసు మధ్యలో అడక్కుండానే లేచి బాత్రూమ్‌కి వెళ్లే అనుమతి, బ్యాగులో ఒక జత బట్టలు, విషయం తెలిసిన టీచర్ ఒక్కరు ఉంటే చాలా టెన్షన్ పోతుంది.

టీనేజీలో బాధ వేరు. క్రోన్స్ వల్ల ఎదుగుదల మందగించొచ్చు, యుక్తవయసు మార్పులు ఆలస్యం కావొచ్చు, వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్ మందులతో ముఖం ఉబ్బొచ్చు. తోటివాళ్లంతా పొడుగవుతుంటే తను మాత్రం చిన్నగా ఉండిపోవడం ఆ వయసులో ఎంత కుంగదీస్తుందో! క్రోన్స్ ఉన్న కొందరికి 6 నుంచి 8 వారాలు మామూలు తిండి మానిపించి ప్రత్యేక పోషక ద్రవం మాత్రమే ఇస్తారు. స్టెరాయిడ్లు లేకుండా వాపు తగ్గించే మంచి పద్ధతే, కానీ అందరూ తింటుంటే చూస్తూ కూర్చోవడం నరకం, కాబట్టి ఆ రోజుల్లో తిండితో సంబంధం లేని సరదాలు వెతకండి.

ఇంకొకటి, డాక్టర్ దగ్గర అన్నీ మీరే చెప్పేయకండి. 12, 13 ఏళ్లు వచ్చాక కాసేపు వాళ్లని ఒంటరిగా మాట్లాడనివ్వండి. మీ ముందు అడగలేని ప్రశ్నలు వాళ్లకి చాలా ఉంటాయి.