బస్సెక్కని వాళ్ళ పేర్లు

ఆదివారం రాత్రి, పదిన్నర దాటింది.

మా సేవాసమితి కంటి శిబిరం ఇవాళ అయిపోయింది. కాళ్ళు పీకుతున్నాయి, అయినా పడుకోబుద్ధి కావడం లేదు. ఈయన మెడికల్ షాపు కట్టేసి వచ్చి, రెండు ముద్దలు తిని నిద్రపోయారు. తెల్లవారితే మళ్ళీ కౌంటర్ దగ్గర నిలబడాలి. అప్పటికి ఇవాళ విన్న మాటల్లో సగం చెదిరిపోతాయి. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

పొద్దున ఏడింటికల్లా హైస్కూలు వరండాలో బల్లలు వేశాం. నిన్ననే ఆటోకి మైకు కట్టి ఊరూరా చెప్పించాం: ఆధార్ జిరాక్సు తెచ్చుకోండి, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు రాయించుకుని రండి, వాడే మాత్రలుంటే చీటీలతో సహా తెచ్చుకోండి, తలస్నానం చేసి రండి అని. కొల్లూరు వైపు లంకల నుంచి జనం ఆటోల్లోనూ, ఒక ట్రాక్టరులోనూ వచ్చారు. మాఘమాసం కదా, లంకల్లో పసుపు తవ్వకాలు సాగుతున్నాయి. చాలామంది అరచేతులు పచ్చగా ఉన్నాయి. పేరు రాసి ఇచ్చిన చీటీలకు కూడా ఆ పచ్చదనం అంటింది.

పేర్లు రాసే బల్ల నాది. ఆడవాళ్ళు ఎక్కువమంది నా దగ్గరికే వస్తారు. నెలనెలా బీపీ మాత్రలకూ షుగరు మాత్రలకూ షాపుకొచ్చే మొహాలే. "అమ్మాయ్, ఈ కన్ను పూర్తిగా పోయిందే, ఇదొక్కటీ కాస్త మసక మసకగా ఆనుతోంది" అని పేరు చెప్పకముందే కష్టం చెప్పుకుంటారు. వయసెంతంటే "నువ్వే చూసి రాయి" అంటారు. ఆధార్‌లో ఉన్నది రాస్తాను.

నా తర్వాతి బల్ల బీపీ, షుగరు. అది దాటితే గోడకు వేలాడదీసిన పటం. చదువు రానివాళ్ళ కోసం ఇంగ్లీషు 'ఈ' ఆకారాన్ని నాలుగు వైపులకూ తిప్పి అచ్చేసి ఉంటుంది దాని మీద. ఆ గుర్తు కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపిస్తే చాలు. కుర్చీ ఆరు మీటర్ల దూరంలో వేస్తారు. అక్కణ్ణుంచి పై వరసలోని పెద్ద గుర్తు కూడా ఆనక, లేచి నాలుగడుగులు ముందుకొచ్చి, ఇంకో నాలుగడుగులు వచ్చి, చివరికి మొహం ముందు చెయ్యి పెట్టి వేళ్ళెన్నంటే తడుముకుంటూ చెప్పినవాళ్ళు ఎంతోమంది. వాళ్ళలో కొందరు నిన్న సాయంత్రం దాకా పసుపు కొమ్ములు ఏరినవాళ్ళే. కంటితో కాదు, వేళ్ళతో ఏరుతున్నారు.

చత్వారం వాళ్ళ పని మాత్రం ఇట్టే తేలిపోతుంది. నలభై దాటాక దగ్గరి చూపు మందగించడం ఎవరికైనా ఉన్నదే. మాకు అద్దాల పరీక్ష కోసం ఒక సూదుల పొట్లం, దారపు ఉండ, గుప్పెడు బియ్యం ఎప్పుడూ బల్ల మీదుంటాయి. ఇవాళ జాకెట్లు కుట్టే ఒకావిడ వచ్చింది. సూదిలో దారం ఎక్కించాలంటే బడి నుంచి కూతురు వచ్చేదాకా ఆగుతోందట. హుక్కులు, కాజాల పనీ వద్దని పంపించేస్తోందట. రెండు పవరు అద్దాలు పెట్టుకుని ఒక్క పోటుకే దారం ఎక్కించింది. "ఇంతేనా?" అని మమ్మల్నే అడిగింది. ఇంతే. ఆవిడ సంపాదనకు అడ్డంగా ఇన్నాళ్ళూ ఉన్నది ఒక జత అద్దాలు. ఇలాంటి మొహాలు చూసినప్పుడు ఈ సమితిలో చేరినందుకు నాకు నిజంగా గర్వంగా ఉంటుంది.

కంటి శిబిరాలంటే మొదట తలుచుకోవాల్సింది లయన్స్ క్లబ్బుల్ని. 1925లో అమెరికాలోని సీడార్ పాయింట్‌లో వాళ్ళ మహాసభ జరిగితే హెలెన్ కెల్లర్ వెళ్ళి, అంధుల కోసం పనిచేయండని అడిగింది. చూపూ వినికిడీ రెండూ లేని ఆవిడ నిలబడి అడిగితే వాళ్ళు ఆ మాట పట్టుకున్నారు, వందేళ్ళుగా చేస్తూనే ఉన్నారు. మాది వాళ్ళకు అనుబంధం కాదు, మా ఊరి వరకూ మేం పెట్టుకున్నది. అయినా ఎక్కడో ఒకావిడ అడిగిన మాట ఇంతదూరం పాకి మా హైస్కూలు వరండా దాకా వచ్చిందని నాకనిపిస్తుంది.

చిన్నప్పుడు మా నాయనమ్మకు కన్ను ఆపరేషన్ చేసింది కూడా ఇలాంటి బళ్ళోనే. ఆ రోజుల్లో శిబిరం పెట్టినచోటే తరగతి గది కడిగి అక్కడే చేసేవాళ్ళు. తల కదలకుండా రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టి రోజులకు రోజులు వెల్లకిలా పడుకోబెట్టారు. తర్వాత సోడాబుడ్డి అద్దాలు. అవి తీస్తే మళ్ళీ ఏమీ కనిపించేది కాదు. ఇప్పుడు బళ్ళో ఆపరేషన్లు లేవు. చీము పట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఇక్కడ పరీక్ష మాత్రమే చేస్తారు. ఆపరేషన్ కావలసినవాళ్ళను బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్ళి, కంట్లో లెన్సు వేసి, కట్టు విప్పాక వెనక్కి దించుతారు. చాలామందికి కుట్టు కూడా పడదు.

మధ్యాహ్నం పులిహోర తింటూ డాక్టరు గారు ఆ లెన్సు సంగతి చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం ప్లాస్టిక్ అద్దాల ముక్కలు గుచ్చుకున్న పైలట్ల కళ్ళు చూసి, ఆ ప్లాస్టిక్ కంట్లో ఉన్నా కన్ను దాన్ని భరిస్తోందని హెరాల్డ్ రిడ్లీ అనే లండన్ డాక్టరు గమనించాడట. 1949లో అదే పదార్థంతో లెన్సు చేయించి ఒక రోగి కంట్లో పెట్టాడు. తోటి డాక్టర్లు చాలాకాలం ఆయన్ని తప్పుబట్టారు. మన దేశంలో ఆ లెన్సు బీదవాళ్ళకు అందే ధరకు దిగింది మాత్రం మదురై అరవింద్ ఆసుపత్రి వాళ్ళు 1992లో ఆరోల్యాబ్ పెట్టి ఇక్కడే తయారుచేయడం మొదలెట్టాక. ఇంతమంది ఇంత బుర్ర పెట్టి, ఇంత చవకగా ఆ లెన్సును మా మండలం దాకా తెచ్చారు. ఇక మిగిలింది ఇంటి గడప నుంచి బస్సు దాకా. అక్కడే ఆగిపోతోంది.

ఎవరికి ఆపరేషన్ కావాలో వాళ్ళకు ఆ కంటి పైన నుదుటి మీద చిన్న ప్లాస్టరు ముక్క అంటిస్తారు. పన్నెండున్నరకు అలాంటివాళ్ళు చెట్టు కింద రెండు వరసలు కూర్చున్నారు. మూడింటికి బస్సు బయల్దేరే వేళకు ఆ వరసల్లో మూడో వంతు ఖాళీ. కొందరు చెప్పకుండానే వెళ్ళిపోయారు. ప్లాస్టరు పీకి కుర్చీకి అంటించి వెళ్ళినాయన ఒకరు.

భయం ఉంది, కాదనను. "కన్ను పెరికి బయటపెట్టి కడుగుతారంట గదా" అని ఇవాళ కూడా ఒకాయన అడిగాడు. శుక్లం బాగా ముదిరితేగానీ తీయకూడదనే పాత మాట ఇంకా పోలేదు. అప్పటి పద్ధతిలో అలా ఆగమనేవారు, ఇప్పుడు ఆగనక్కర్లేదు, మరీ ముదిరితేనే తీయడం కష్టం. ఎండాకాలం ముందు చేయించుకుంటే చీము పడుతుందని ఇంకొకరు. ఈ భయాలకు మా దగ్గర ఒక మంచి మందుంది. పోయిన శిబిరంలో చేయించుకున్న ఒక పెద్దాయన ఇవాళ తనంతట తానే వచ్చి చెట్టు కింద కూర్చున్నాడు. "చీమ కుట్టినట్టు గూడా లేదురా. కట్టు విప్పినాక మొదట నా భార్య మొహం చూశా, ఇంత ముసల్దైపోయిందేందని" అంటూ చెబుతుంటే చుట్టూ నవ్వులు. డాక్టరు మాట కంటే ఆయన మాటే ఎక్కువ పనిచేసింది. కనీసం నలుగురైదుగురు ఆయన్ని చూసే బస్సెక్కారు.

కానీ ఎక్కనివాళ్ళలో ఎక్కువమందిది భయం కాదు. నేను ఒక్కొక్కరి పక్కనా కూర్చుని అడిగాను. ఒకావిడ కూతురు పురిటికి వచ్చి ఉంది, వండిపెట్టేది ఈవిడే. ఇంకొకాయన మోటారుకు కాపలా. ఒకామె తోడు లేకుండా రాత్రి బయట ఉండనంటుంది, తోడు రావాల్సిన చెల్లెలికి పసుపు తవ్వే కూలి పోతుంది. ఒకాయనకు షుగరు మరీ ఎక్కువుందని ఆసుపత్రివాళ్ళే ఆపేశారు, తగ్గాక రమ్మన్నారు. తగ్గించుకోవడానికి మాత్రలు కొనాలిగా.

నన్ను ఇప్పటిదాకా కూర్చోబెట్టింది ఒక ముసలావిడ. లంక నుంచి మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. కుడికన్ను వెలుగు తప్ప ఏమీ తెలియదు, ఎడమది కూడా ఆ దారిలోనే ఉంది. డాక్టరు గారు ఈవిణ్ణి ఇవాళే తీసుకెళ్ళాలన్నారు.

"నేను రాను తల్లీ" అంది. "మా ఆయన పక్షవాతం వచ్చి మంచం మీదున్నాడు. పక్కకి తిప్పాలన్నా నేనే. గేదె నా చేతికి తప్ప చేపదు."

"నేను చూసుకుంటా నానమ్మా తాతని" అంది ఆ పిల్ల.

"బడి మానుకుంటావా?"

పిల్ల తల దించుకుంది. నేను మెల్లగా అడిగితే తెలిసింది, అది ఇప్పటికే బడి మానుతోంది. నానమ్మ పింఛను తెచ్చుకోవాలన్నా, రేషను దగ్గరికి పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా తోడు ఈ పిల్లే. ఏడో తరగతి. తల్లిదండ్రులు పనికోసం హైదరాబాదులో ఉన్నారు. ముసలావిడ కంట్లో శుక్లం ఈ పిల్ల హాజరుపట్టీ మీద కూడా పడిందన్నమాట. ఇది ఏ ఆసుపత్రి లెక్కలోకీ రాదు.

మా అధ్యక్షుల వారు పక్కింటివాళ్ళకు ఫోన్ చేశారు. గేదెను చూస్తామన్నారుగానీ మంచం మీద మనిషిని ఎత్తి దించడం మా వల్ల కాదన్నారు. అదీ నిజమే. ఈలోగా డ్రైవరు హారన్ కొట్టాడు. చీకటి పడకముందే ఆసుపత్రిలో దించాలి, మళ్ళీ అందరికీ కన్నీటి గొట్టం పరీక్ష, లెన్సు కొలతలు చూడాలి. బస్సు వెళ్ళిపోయింది. ముసలావిడ బస్సు చప్పుడు దూరమయ్యేదాకా అటే మొహం పెట్టి నిలబడి, "పసుపు ఒండటం అయిపోయాక చూద్దాంలే అమ్మాయ్" అంది. పసుపు అయిపోతే కందో అరటో వస్తుంది. లంకలో పని ఎప్పుడైపోయింది?

సాయంత్రం అందరం కలిసి బల్లలు సర్దుతుంటే కార్యదర్శి గారు లెక్క రాసుకున్నారు: వచ్చినవాళ్ళు ఇంతమంది, అద్దాలు ఇన్ని, ఆపరేషన్లకు పంపినవాళ్ళు ఇంతమంది. ఎక్కనివాళ్ళకు అందులో గడి లేదు. ఆయన మంచి మనిషి, పొద్దుటి నుంచి నీళ్ళ డబ్బాలు ఆయనే మోశారు. అయినా ఈ మాట ఆయనకు చెప్పకుండా ఉండలేకపోయాను: మన పని లోపం ఎక్కడుందో ఆ లేని గడిలోనే ఉందండీ అని. ఆయన కాసేపాగి, "అయితే నువ్వే రాయమ్మా" అన్నారు. ఇప్పుడు రాశాను. వేరే నోటుబుక్కులో, పేరు, ఊరు, ఫోను, ఎందుకు ఎక్కలేదు. ఆ ఆఖరి గడి చదువుతుంటే భయం అని రాసినవి కొన్నే, ఇంటి పని అని రాసినవి చాలా.

వచ్చే సమావేశంలో గట్టిగా అడగాలని ఉంది. ఆపరేషన్ ఖర్చు మనది కాదు, ఆసుపత్రిది. బస్సు కూడా వాళ్ళదే. మన డబ్బు వెళ్ళేది ఫ్లెక్సీలకు, షామియానాకు, దండలకు, భోజనాలకు. భోజనం ఉండాలి, వచ్చినవాళ్ళు ఆకలితో కూర్చోకూడదు. దండలూ ఫ్లెక్సీలూ తగ్గించి ఆ డబ్బు తోడు మనిషికి ఇద్దాం. రోగి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఇంటి దగ్గర ఉండేవాళ్ళకు రోజు కూలి. అంతే. పాలు పితికేవాళ్ళు, మంచం పట్టినవాళ్ళను చూసేవాళ్ళు, తోడు వెళ్ళేవాళ్ళు. సేవ అంటే ఇది కూడా అని మనవాళ్ళు ఒప్పుకోవాలి.

చుక్కల మందు సంగతి కూడా అడగాలి. ఆపరేషన్ అయి వచ్చినవాళ్ళు మొదటి వారం రోజుకు ఆరుసార్లు వేసుకోవాలి, తర్వాత వారం వారం ఒక్కోసారి తగ్గించాలి. నొప్పి లేకపోతే మధ్యలో మానేస్తారు. పొయ్యి దగ్గర కూర్చుని పొగ పట్టిస్తారు. నల్లద్దాలు మనవడు పెట్టుకుని తిరుగుతుంటాడు. షాపు నుంచి నాకు తెలిసినంతలో ఫోన్ చేసి అడుగుతూనే ఉంటాను, కానీ ఒక్కదాన్ని అందరికీ సరిపోను. ఊరికొకరు కావాలి. డిగ్రీ చదివే పిల్లలు ఇవాళ ఎంతమంది వచ్చి పనిచేశారో! వాళ్ళకు ఒక్కొక్కరికి నాలుగేసి ఇళ్ళు అప్పజెబితే చాలు.

ముసలావిడ మనవరాలు వెళ్ళేముందు నా చీటీ వెనక ఒక నంబరు రాసిచ్చింది. తాత చెల్లెలిదట, పక్క మండలంలో ఉంటుంది, ఆవిడైతే అన్నను చూసుకోగలదు, కానీ కూలికి పోతుంది. ఆసుపత్రి అబ్బాయిని అడిగితే గురువారం భట్టిప్రోలు వైపు ఇంకో బస్సు వస్తుందనీ, అందులో ఒక సీటు ఆపుతాననీ అన్నాడు. ఆవిడ కూలి డబ్బులు సమితి ఇస్తే సరే, సమావేశం ఆలస్యమైతే ముందు నేనిచ్చి తర్వాత లెక్కలో రాయిస్తాను. కూలివాళ్ళు ఏడింటికే పొలంలోకి దిగిపోతారు. అందుకని ఆరింటికల్లా ఆ తాత చెల్లెలికి ఫోన్ చెయ్యాలి. ఆవిడ ఒప్పుకుంటే వెంటనే ఆసుపత్రి అబ్బాయికి.