మానిటర్ మీద మిగిలిపోయే నీడలు: రీప్లేస్‌మెంట్ దాకా నా అనుభవం

నా పనంతా ఎక్సెల్‌లోనే. పైన మెనూ పట్టీ, ఎడమ పక్క వరుస నంబర్లు, కింద టాస్క్‌బార్, ఇవన్నీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉన్నచోటే ఉంటాయి. మానిటర్ కొని ఏడాది తిరక్కముందే, ఎక్సెల్ మూసేశాక కూడా ఆ పట్టీ, ఆ గళ్లు లీలగా కనిపించడం మొదలైంది. తెల్లటి పేజీ తెరిస్తే ఏమీ తెలిసేది కాదు. మబ్బు పట్టిన ఆకాశం ఉన్న ఫోటో ఏదైనా తెరిస్తే మాత్రం, మబ్బుల్లో ఎక్సెల్ గీతలు!

తప్పు కంప్యూటర్‌దా, మానిటర్‌దా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇది తేలికే. నీడ కనిపిస్తున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూశాను. అందులో గీతలు లేవు. అంటే కంప్యూటర్ పంపే బొమ్మ శుభ్రంగానే ఉంది. తర్వాత వేరే కేబుల్‌తో, ఎక్సెల్ అనేదే లేని ఒక ల్యాప్‌టాప్ తగిలించాను. అయినా అదే చోట అవే గళ్లు. ఇక గ్రాఫిక్స్ కార్డు, డ్రైవర్ల జోలికి పోనక్కర్లేదు.

దీన్ని చాలామంది ‘స్క్రీన్ బర్న్’ అనేస్తారు గానీ, రెండింటికీ తేడా ఉంది. పాత సీఆర్‌టీ మానిటర్లలో తెర లోపలి ఫాస్ఫర్ పూత అరిగిపోయేది. ఓఎల్‌ఈడీలో వెలుగిచ్చే పదార్థమే వాడకం కొద్దీ మందగిస్తుంది. ఆ మచ్చలు ఇక పోవు. ఎల్‌సీడీ కథ వేరు (నా మానిటర్‌లోని ఐపీఎస్ ప్యానెల్ కూడా ఎల్‌సీడీలో ఒక రకమే). ఇందులో ద్రవ స్ఫటికాలకు ఇచ్చే వోల్టేజీని ఒక ఫ్రేముకి ప్లస్, తర్వాతి ఫ్రేముకి మైనస్ అన్నట్టు అటూ ఇటూ మారుస్తూ ఉంటారు. ఆ రెండూ సరిసమానంగా ఉంటే గొడవ లేదు. కొంచెం తేడా వచ్చిందా, ఎప్పుడూ ఒకే దిక్కున లాగే చిన్న వోల్టేజీ మిగిలిపోతుంది. ద్రవంలో ఉండే సూక్ష్మమైన మలినాలు, అంటే అయాన్లు, దానివల్ల మెల్లగా ఒక పక్కకి చేరి పేరుకుంటాయి. బొమ్మ మారినా అవి వెంటనే కదలవు. అక్కడి స్ఫటికాల మీద వాటి ప్రభావం ఇంకా ఉంటుంది కాబట్టి పాత బొమ్మ నీడలా కనిపిస్తుంది. తెర ఆపేసి వదిలేస్తే అవే మళ్లీ సర్దుకుంటాయి, నీడా పోతుంది.

ఆ పోవడమే నాకు తలనొప్పి అయింది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, ‘‘ఐపీఎస్ ప్యానెల్స్‌లో ఇది మామూలే అండి, రాత్రంతా ఆఫ్ చేసి ఉంచండి, పొద్దున మా టెక్నీషియన్ వచ్చి చూస్తారు’’ అన్నారు. సరేనని ఆఫ్ చేశాను. పొద్దున ఆయన వచ్చి ఆన్ చేసేసరికి తెర అద్దంలా మెరుస్తోంది. ‘‘ఏదండీ ప్రాబ్లం?’’ అన్నారు. ఏం చూపించను? ‘సమస్య కనపడలేదు’ అని రాసుకుని వెళ్లిపోయారు. పైగా వారంటీ కార్డులో, ఒకే బొమ్మను ఎక్కువసేపు ఉంచడం వల్ల వచ్చే మచ్చలకు వారంటీ వర్తించదని ఒక లైను కూడా ఉంది. ‘ఎక్కువసేపు’ అంటే ఎంతసేపో మాత్రం ఎక్కడా లేదు.

దాంతో ఒకటి అర్థమైంది. నీడ ఉందని చెప్తే చాలదు, కావాలన్నప్పుడు రప్పించి చూపించాలి. అది కూడా మామూలు వాడకంలో వచ్చేంత తక్కువ సమయంలో. అందుకు బాగా పనికొచ్చింది చదరంగం బల్ల లాంటి నలుపు తెలుపు గళ్ల బొమ్మ. పెయింట్‌లో నేనే గీసుకున్నాను. దాన్ని ఫుల్‌స్క్రీన్‌లో పది నిమిషాలు ఉంచి, వెంటనే మధ్యస్థమైన బూడిద రంగుకి మార్చాలి. ఆర్‌జీబీ, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు మూడూ 128 పెడితే సరిపోతుంది. బూడిదే ఎందుకంటే, ఆ మధ్య స్థాయిలో వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయినా వెలుగులో తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పూర్తి నలుపు, పూర్తి తెలుపుల దగ్గర అంత తేడా తెలియదు. తెల్ల పేజీ మీద నాకు ఏమీ కనపడకపోవడానికి కారణం ఇదే.

మార్చగానే బూడిద మీద గళ్లన్నీ అచ్చు గుద్దినట్టు తేలాయి. టీ పెట్టుకుని, తాగి వచ్చినా ఇంకా ఉన్నాయి.

దాన్ని ఫోన్‌లో తీయడం ఇంకో తంటా. కెమెరా తనంతట తాను వెలుతురు సరిదిద్దేసుకుంటుంది, ఉన్న కాస్త తేడా కూడా మాయమవుతుంది. మరీ దగ్గరగా తీస్తే పిక్సెళ్ల వల్ల ఫోటో నిండా అలలు. చివరికి గదిలో లైట్లు ఆపి, కొంచెం వెనక్కి జరిగి, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, మానిటర్ పక్కన గడియారం పెట్టి వీడియో తీశాను. గళ్ల బొమ్మ నుంచి బూడిదకి మారడం, ఆ తర్వాత నీడ ఎంతసేపు నిలిచిందీ అంతా ఒకే వీడియోలో, ఎక్కడా కట్ లేకుండా. దానికి బిల్లు, మానిటర్ వెనక సీరియల్ నంబర్ స్టిక్కర్ ఫోటో జోడించి మెయిల్ పెట్టాను. మెయిల్‌లో రాసింది కూడా తక్కువే: ‘పది నిమిషాలు ఎక్కువసేపు కాదు, ఒక ఫోన్ కాల్ మాట్లాడి వచ్చేంత సమయం.’

ఈలోగా చిట్కాలూ ప్రయత్నించాను. రంగురంగులుగా మెరిసే వీడియోలు రాత్రంతా ఆడించమంటారు. అవి ఒకే రంగు దగ్గర నిలిచిపోయిన పిక్సెల్‌ను కదిలించడానికి వాడేవి. ఈ సమస్యకు వాటివల్ల నాకు అదనంగా ఒరిగిందేమీ లేదు. ఊరికే ఆఫ్ చేసి ఉంచినా అంతే ఫలితం, కరెంటు కూడా మిగులుతుంది.

రెండోసారి వేరే టెక్నీషియన్ వచ్చారు. ఈయనకి విషయం తెలుసు. నేను పరీక్ష మొదలుపెట్టేలోపే, పెన్‌డ్రైవ్‌లోంచి సన్నటి చుక్కల నమూనా ఒకటి తెర మీద పెట్టి ‘‘ఇది వణుకుతోంది చూడండి’’ అన్నారు. నిజంగానే సన్నగా వణుకుతోంది. ప్లస్, మైనస్ వోల్టేజీలు సమానంగా లేకపోతే ఆ నమూనాలో అలా తెలుస్తుందట. నీడకి మూలం కూడా అదే అయ్యుండొచ్చని, ప్యానెల్ మార్చడం కన్నా మానిటర్ మొత్తం మార్చడమే మేలని రాసి సంతకం పెట్టారు. ఆ కాగితం వెళ్లాక కస్టమర్ కేర్ వాళ్లు ‘మామూలే’ అనే మాట మళ్లీ ఎత్తలేదు.

మార్చి ఇచ్చింది కొత్తది కాదు, రీఫర్బిష్ చేసిన, అంటే వెనక్కి వచ్చినదాన్ని బాగుచేసి ఇచ్చే పీసు. షరతుల్లో ముందే ఉంది కాబట్టి పేచీ పెట్టలేదు. డెలివరీ అతను ఉండగానే డెడ్ పిక్సెల్స్ (వెలగని చుక్కలు) ఉన్నాయేమో చూసుకున్నాను. అతను వెళ్లాక గళ్ల పరీక్ష పెట్టాను. దీంట్లోనూ నీడ వస్తుంది గానీ, చాలా లేతగా, ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. ఐపీఎస్‌లో మామూలే అన్న మాట ఈ మాత్రం దానికైతే ఒప్పుకుంటాను.

సెట్టింగ్స్‌లో రెండు మూడు మార్పులు చేశాను. టాస్క్‌బార్ దానంతట అదే దాక్కునేలా పెట్టాను. ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే స్క్రీన్ ఆగిపోతుంది. స్క్రీన్‌సేవర్ కంటే ఇదే నయం. కాకపోతే వీడియో కాల్ నడుస్తున్నంతసేపూ స్క్రీన్ ఆగదు, అందుకని మధ్యలో లేవాల్సి వస్తే మానిటర్ బటన్ నేనే నొక్కేసి వెళ్తున్నాను.