ఎక్కడ రాశావు?

“ఎక్కడ రాశావు?” అని మా ఈజిప్టు ఇంజనీరు అడిగింది ఇంతే. కువైట్‌లో షువైఖ్ పారిశ్రామికవాడలో ఒక గోదాము బయట, మధ్యాహ్నం ఒంటిగంట ఎండలో, ఇంకా చల్లబడని కారులో కూర్చుని అడిగాడు. గొంతు పెంచలేదు, నా వైపు తిరగనూ లేదు. పదకొండేండ్లుగా అక్కడ నెట్‌వర్క్ పని చేస్తున్నవాణ్ణి, తిట్లు నాకు కొత్త కావు. అరబ్బీలోనూ, హిందీలోనూ, రెండూ కలగలిసిన గల్ఫు భాషలోనూ తిన్నాను. గదికి వచ్చి నెత్తిన నాలుగు చెంబుల నీళ్ళు పోసుకుంటే అవన్నీ పోయేవి. ఈ రెండు మాటలు మాత్రం సెలవు మీద కడపకు వచ్చి మా మిద్దె మీద పడుకున్నా వదలడం లేదు. ఆ రోజు నేను ఆయనకు చెప్పిన సమాధానం న్యాయమైనదేనా అన్నది తేల్చుకుందామని ఇది రాస్తున్నాను.

జరిగింది చిన్న విషయమే. ఆ గోదాములో ఆఫీసు గదికీ, సరుకు దించే షెడ్డుకూ మధ్య ఒకే నెట్‌వర్క్ కేబుల్ ఉంది. ఆ కొసన ఒక స్విచ్చి, ఈ కొసన ఒక స్విచ్చి. స్విచ్చి అంటే కరెంటుది కాదు, కంప్యూటర్ల కేబుళ్ళన్నీ వచ్చి కలిసే పెట్టె. మూడు వారాలుగా షెడ్డులోని వాళ్ళు గోల పెడుతున్నారు. బిల్లులు ఒక్కొక్కటిగా కొడితే బాగానే వెళ్తున్నాయి, సాయంత్రం స్టాకు రిపోర్టు మొత్తం పంపబోతే మాత్రం నెట్‌వర్క్ ఎడ్లబండి అయిపోతోంది. పింగ్ కొట్టి, అంటే అవతలి మిషనుకు చిన్న పలకరింపు పంపి చూస్తే అన్నిటికీ జవాబు వస్తోంది, లింకు లైటు పచ్చగా వెలుగుతూనే ఉంది. నాకంటే ముందు వెళ్ళిన ఫిలిప్పీన్స్ కుర్రవాడు మంచి పనివాడు. కనెక్టర్లు కోసేసి కొత్తవి నొక్కి బిగించాడు, కేబుల్ మార్చాడు, కంప్యూటరులో నెట్‌వర్క్ కార్డు కూడా మార్చాడు. ఏది మార్చినా రోగం అలాగే ఉంది. చివరకు మా ఈజిప్టు ఇంజనీరు నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు.

నేను షెడ్డు స్విచ్చిలోకి వెళ్ళి, ఆ కేబుల్ గుచ్చిన పోర్టులో తప్పుల లెక్క చూపే కౌంటర్లు తెరిచాను. కొలిజన్లు, అంటే పంపినవి ఒకదాన్నొకటి ఢీకొనడాలు, వేలల్లో ఉన్నాయి. లేట్ కొలిజన్ అన్న వరుసలో అంకె మేము చూస్తుండగానే పెరుగుతోంది. ఆఫీసు వైపు స్విచ్చిలో చూస్తే కొలిజన్ ఒక్కటీ లేదు. అక్కడ ఉన్నవి సీఆర్‌సీ తప్పులు, అంటే సరిచూసే లెక్క కుదరనివి, ఇంకా రంట్లు, అంటే మధ్యలో తెగిపోయి చేరిన ఫ్రేములు. సమాచారాన్ని ముక్కలు చేసి పంపితే ఒక్కో ముక్క ఒక ఫ్రేము. ఒకే తీగకున్న రెండు కొసలు రెండు వేర్వేరు రోగాలు చెబుతున్నాయి. అది చూడగానే కారణం ఏమిటో నాకు తెలిసిపోయింది. ఆ పని ఎవరిదో కూడా తెలిసిపోయింది.

కొలిజన్ అనగానే ఏదో ప్రమాదం అనుకోవడం సరికాదు. 1973లో జిరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో కంప్యూటర్లను తీగతో కలిపే ఈ ఈథర్నెట్ పద్ధతి పుట్టినప్పుడు, అందరూ ఒకే తీగను పంచుకుంటారన్నదే దాని పునాది. పంపేవాడు ముందు చెవి పెట్టి వినాలి, తీగ ఖాళీగా ఉంటేనే పంపాలి, ఇద్దరు ఒకేసారి మొదలుపెట్టి ఢీకొంటే ఇద్దరూ ఆగి, కాసేపు వేచి ఉండి మళ్ళీ ప్రయత్నించాలి. ఆ వేచి ఉండడానికీ లెక్క ఉంది. 10 మెగాబిట్ల నెట్‌వర్క్‌లో ఒక స్లాటు అంటే 51.2 మైక్రోసెకన్లు. మొదటిసారి ఢీకొంటే సున్నా, ఒకటి, ఈ రెండింటిలో ఒక అంకెను చీటీ తీసినట్టు తీసి అన్ని స్లాట్లు ఆగుతుంది. రెండోసారి మూడు వరకు, మూడోసారి ఏడు వరకు, అలా రెట్టింపవుతూ పదోసారికి 1023 వరకు పోయి అక్కడ నిలుస్తుంది. 16 ప్రయత్నాలూ విఫలమైతే ఇక ఆ ఫ్రేమును పారేస్తుంది. కౌంటరులో ఎక్సెసివ్ కొలిజన్ అని కనిపించేది ఈ పారేసిన ఫ్రేముల లెక్కే గాని, మామూలు ఢీకొనడాల లెక్క కాదు. ఈ తేడా తెలియక కేబుళ్ళు మార్చి మార్చి అలసిపోయినవాళ్ళను చాలామందిని చూశాను.

నాకు ఇవన్నీ పుస్తకంలో అబ్బినవి కావు. కడపలో ఏడురోడ్ల కూడలికి దగ్గర్లో మేము అన్న అని పిలిచే ఒకాయన నెట్ సెంటరు నడిపేవాడు, డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రాలు అక్కడే పనిచేశాను. అక్కడ ఎనిమిది పోర్టుల హబ్బు, అంటే మిషన్లన్నీ ఒకే దారిని పంచుకునే పెట్టె, ఉండేది. దాని మీద కొలిజన్‌కు విడిగా ఒక నారింజ రంగు లైటు ఉండేది. మామూలప్పుడు అది అప్పుడొకటి అప్పుడొకటి మినుకుమనేది. పిల్లలు ఒక మిషను నుంచి ఇంకో మిషనుకు సినిమా కాపీ చేసుకునేటప్పుడు ఆరకుండా వెలిగేది. అన్న కుర్చీలోంచి లేవకుండానే ఆ లైటు చూసి, “ఎవుర్రా కాపీ కొడుతుండేది?” అని కేకేసేవాడు. తర్వాత హబ్బు తీసేసి స్విచ్చి పెట్టాక ప్రతి పోర్టూ తన దారి తనది అయిపోయింది, ఫుల్ డూప్లెక్స్‌లో పంపడమూ వినడమూ ఒకేసారి జరుగుతాయి గనుక ఢీకొనడమన్న మాటే లేకుండా పోయింది. కాబట్టి ఈ కాలంలో స్విచ్చి పోర్టు మీద కొలిజన్ కనిపించిందంటే, ఆ కొస హాఫ్ డూప్లెక్స్‌లో, అంటే ఒకసారికి పంపడమో వినడమో ఒకటే చేసే పద్ధతిలో, ఉందని అర్థం. లేట్ కొలిజన్ కనిపిస్తే ఇంకా స్పష్టం. 64 బైట్లు పంపేలోగా ఢీకొంటే అది నియమం ప్రకారం జరిగినట్టు. అది దాటాక ఢీకొన్నదంటే కేబుళ్ళ పొడవు హద్దు మీరైనా ఉండాలి, అవతలివాడు వినకుండా మాట్లాడుతూ అయినా ఉండాలి.

గోదాములో వినకుండా మాట్లాడుతున్నది ఆఫీసు వైపు స్విచ్చి. 2020లో అక్కడ రెండు పాత స్విచ్చులకు ఒకదానితో ఒకటి పొసగక లింకు పడిపోతూ లేస్తూ ఉంటే, రెండు కొసలనూ 100 మెగాబిట్లు, ఫుల్ డూప్లెక్స్ అని చేత్తో బిగించింది నేనే. వేగం, డూప్లెక్స్ రెండు కొసలూ తమలో తామే మాట్లాడుకుని కుదుర్చుకునే ఆటో నెగోషియేషన్ 1995లో ప్రమాణంలోకి వచ్చినా, తొలినాళ్ళ పరికరాల్లో అది సరిగ్గా కుదరక, రెండు పక్కలా బిగించుకోవడమే క్షేమమని మాకు పని నేర్పినవాళ్ళు చెప్పేవారు. ఆ రోజు అది పనిచేసింది, టీ తాగి వచ్చేశాను. ఈ ఏడాది షెడ్డు స్విచ్చి చెడిపోతే ఆ కుర్రవాడు కొత్తది పెట్టాడు. కొత్తది పెట్టెలోంచి తీసేటప్పటికే ఆటోలో ఉంటుంది. అది అవతలి కొసను పలకరించింది. చేత్తో బిగించిన పోర్టు జవాబు చెప్పదు. కొత్తది తీగ మీది సంకేతాన్ని బట్టి వేగం 100 అని కనిపెట్టగలదు గాని, డూప్లెక్స్ సంగతి చెప్పేవాడు లేడు గనుక, నియమం ప్రకారం హాఫ్‌గా ఉండిపోయింది. ఇక ఇది పంపుతుండగా అవతలిది కూడా పంపుతుంది. ఇది ఢీకొన్నామనుకుని మధ్యలో ఆపేస్తుంది. ఆ తెగిన ముక్క అవతల సీఆర్‌సీ తప్పుగా లెక్కలోకి వస్తుంది. పింగ్ చిన్నది, తీరిగ్గా పోయివస్తుంది గనుక దానికి ఈ బాధ తగలదు. పెద్ద రిపోర్టు పోతున్నప్పుడు అటునుంచి అందినట్టు జవాబులు కూడా వస్తుంటాయి, రెండూ ఎదురుపడతాయి. ఆఫీసు వైపు పోర్టును కూడా ఆటోకు మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. కౌంటర్లు సున్నా చేసి రిపోర్టు పంపిస్తే టీ గ్లాసు చల్లారేలోగా చేరింది.

కారులో నేనే చెప్పాను, దాచలేదు. అప్పుడే ఆయన ఎక్కడ రాశావని అడిగాడు. ఆయన దగ్గర గీతల రిజిస్టరు ఒకటి ఉంటుంది, కారు డ్యాష్‌బోర్డు మీద ఎండకు అట్ట వంకర తిరిగి ఉంటుంది. తేదీ, ఏ పోర్టు, ముందు ఎలా ఉంది, ఎలా మార్చాము, ఎందుకు మార్చాము అని ప్రతి పనీ అందులో రాస్తాడు. నేను ఇన్నేండ్లూ దాన్ని ముసలాయన చాదస్తమనే అనుకున్నాను. “మా ఊర్లో ఇవన్నీ రాసుకోము సార్, గుర్తుపెట్టుకుంటాము” అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మరుసటి రోజు కంపెనీకి ఇచ్చిన నివేదికలో డూప్లెక్స్ తేడా సరిచేశామని మాత్రమే ఉంది, నా పేరు లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇన్నాళ్ళూ నన్ను నేను సమర్థించుకుంటూనే ఉన్నాను. కడపలో పని చేసినవాడు ఎక్కడికీ పోడు. నెట్‌వర్క్ ఆగితే, ఈ వైరు లాగిందెవరని వీధిలో అడిగినా చెబుతారు, వాడు అన్నం తింటుంటే చెయ్యి కడిగించి తీసుకొస్తారు. కువైట్‌లో మనిషి వీసా ఉన్నన్నాళ్ళే ఉంటాడు, కేబుల్ మాత్రం గోడలో ఉండిపోతుంది, కాబట్టి వాళ్ళకు రిజిస్టరు కావాలి, మనకు అక్కరలేదు, ఇదీ నా వాదన. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కానీ మనం రాయనివాళ్ళమా? మా అమ్మ పెట్టెలో మా అక్క పెండ్లి చదివింపుల పుస్తకం ఇప్పటికీ ఉంది. ఎవరు 116 చదివించారో, ఎవరు స్టీలు బిందె పెట్టారో అందులో చూసుకునే తిరిగి పెడతాము. బాకీ అన్నది గుర్తుంటే చాలదు, రాసి ఉండాలని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. చేసిన పని కూడా తర్వాత వచ్చేవాడికి బాకీయేనని మాత్రం నాకు తట్టలేదు.

మొన్న అన్నను చూద్దామని వెళ్ళాను. నెట్ సెంటరు లేదు, అదే గదిలో జిరాక్సులు తీస్తూ ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిస్తున్నాడు. టీ తెప్పించేలోగా నేను అలవాటు కొద్దీ బల్ల కిందికి వంగి కేబుళ్ళు చూశాను. ఒకదానికి మందుల షాపులో దొరికే తెల్ల ప్లాస్టరు చుట్టి ఉంది, పసుపు రంగుకు తిరిగి అంచులకు దుమ్ము పట్టింది. దాని మీద బాల్‌పెన్నుతో “100 ఫుల్, రెండు పక్కలా, ముట్టవద్దు, 2009” అని ఉంది. అక్షరాలు నావి. అన్న చెబుతుంటే ప్లాస్టరు పండ్లతో చించి అంటించి రాసింది నేనే. ఈజిప్టు ఆయనకు మా ఊర్లో రాసుకోమని చెప్పిన నోరూ ఇదే.

“ఏం చూస్తాండావబ్బీ?” అన్నాడు అన్న. చూపించాను. “ఆ స్విచ్చి కాలిపోయి నాలుగేండ్లాయె. ఇప్పుడంతా ఆటోనే. పీకల్ల అనుకుంటాండా, మర్చిపోతాండా. పీకితే పీకు, ఇప్పుడుండేది రాసి అంటీచ్చి పో.”

ప్లాస్టరు ఉందా అన్నా, అని అడిగాను.