డబ్బులు కట్టే ముందు ఆ జర్నల్ సంగతి చూడండి

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఒక రాత్రి నాకో మెయిల్ వచ్చింది, "డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్" అని మొదలుపెట్టి, పేపర్ పంపితే మూడు రోజుల్లో వేసేస్తామని, నాలుగు వేలు కడితే చాలని. అప్పుడున్న టెన్షన్‌లో కట్టేశాను. పేపర్ వచ్చింది, ఒక్క అక్షరం దిద్దకుండా, నేను హడావిడిలో వదిలేసిన "టేబుల్ 3 ఇక్కడ పెట్టాలి" అన్న లైనుతో సహా. అది చూడగానే కడుపులో దేవినట్టయింది. దాన్ని ఎవరూ చదవనే లేదన్నమాట.

అందుకే మా జూనియర్లకు పదే పదే చెబుతుంటాను. ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే) జర్నల్ అయితే డీఓఏజేలో, అంటే అలాంటి జర్నళ్లను పరిశీలించి చేర్చుకునే ఆన్‌లైన్ జాబితాలో, ఉందో లేదో వెతకండి. పరిశోధన పత్రికల డేటాబేస్ స్కోపస్‌లో ఉన్నామని వాళ్లు చెప్పుకుంటే నమ్మేయకండి, స్కోపస్ సోర్సెస్ పేజీలో ఆ జర్నల్ గుర్తింపు నంబరు ఐఎస్ఎస్ఎన్ కొట్టి మీరే చూసుకోండి, అది ఉచితమే. అక్కడ కనిపించినా సైటు అడ్రస్ సరిపోల్చుకోండి, ఎందుకంటే పేరున్న పత్రికల పేర్లతోనే నకిలీ సైట్లు నడుస్తున్నాయి. నమ్మదగిన జర్నళ్లు ఏవో చెప్పే యూజీసీ కేర్ జాబితాను 2025లో ఆపేశారు కాబట్టి ఈ చూసుకునే పని మరీ మన మీదే పడింది.

చదవడానికి డబ్బుల్లేవని మాత్రం ఆగిపోవద్దు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధ్‌గంగ సైటులో మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. రిఫరెన్సులను దాచి పెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్ మొదటి రోజే పెట్టుకోండి, చివర్లో కూర్చుని ఏరుకునే బాధ ఉండదు. ఏదైనా పేపర్ ఎక్కడా దొరక్కపోతే రాసినవాళ్లకే రెండు లైన్ల మెయిల్ పెట్టండి. నేను అలా అడిగితే ఒక ఆవిడ పేపర్‌తో పాటు తన ప్రశ్నావళి కూడా పంపారు.