రోహిణి కార్తెలో 27.8 డిగ్రీల ప్రాసెసర్

ఖమ్మంలో రోళ్లు పగిలే రోహిణి కార్తె నడుస్తోంది. గదిలో థర్మామీటర్ 38 చూపిస్తోంది. నా స్క్రిప్ట్ మాత్రం డెస్క్‌టాప్ ప్రాసెసర్ 27.8 డిగ్రీల దగ్గర హాయిగా ఉందంటోంది. గది కంటే పది డిగ్రీలు చల్లగా! మామూలు ఫ్యాన్ కూలర్ ఎంత గట్టిగా తిరిగినా గదిలో గాలి కంటే కిందకి దించలేదు కదా. ఏసీ గాలి క్యాబినెట్‌లోకి కొడుతోందా అనుకోవడానికి ఆ గదిలో ఏసీయే లేదు.

ఇంట్లో ఉన్న మెషీన్లన్నిటి జాతకం (ప్రాసెసర్, ఉష్ణోగ్రత, ర్యామ్ లాంటి వివరాలు) ఒకే పైథాన్ స్క్రిప్ట్‌తో రాయించే పనిలో ఉన్నాను. మిగతావన్నీ చకచకా అయిపోయాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లో మెషీన్ వివరాలు చెప్పే పాత కమాండ్ డబ్ల్యూమిక్ వదిలేసి, పవర్‌షెల్‌లో అదే పని చేసే గెట్-సిమ్‌ఇన్‌స్టన్స్‌కి మారాను. కొత్త విండోస్ 11లో డబ్ల్యూమిక్ ఎలాగూ దానంతట అది రావడం లేదు, పీడా పోయింది. రాస్ప్‌బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్‌లో మోడల్ పేరు డివైస్ ట్రీ (బోర్డు మీద ఏమేం ఉన్నాయో చెప్పే జాబితా) లోంచి వచ్చేసింది. చివర ఒక నల్ బైటు (కనబడని సున్నా అక్షరం) ఉంటుంది, దాన్ని కోసేయాలి. లైనక్స్ ఉన్న డెస్క్‌టాప్‌లో కోర్ ఐ5-4590, 4 కోర్లు, 4 థ్రెడ్లు అని ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్, స్క్రిప్ట్ తేలిగ్గా చదవగల జేసన్ రూపంలోనే ఇచ్చేసింది. పైథాన్ ప్లాట్‌ఫామ్ మాడ్యూల్‌లోని ప్రాసెసర్ ఫంక్షన్‌ని మాత్రం నమ్ముకోవద్దు. లైనక్స్‌లో అది ఒక చోట ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది, ఇంకో చోట ఉత్త ఎక్స్86_64 ఇస్తుంది.

ఎటొచ్చీ ఉష్ణోగ్రత దగ్గరే పేచీ. రాస్ప్‌బెర్రీ పైలో థర్మల్ జోన్0 (లైనక్స్ ఉష్ణోగ్రత చూపించే ఫోల్డర్) కింద టెంప్ ఫైలు చదివి వెయ్యితో భాగిస్తే సరిపోయింది. అక్కడ ఆ జోన్ టైప్ ఫైలులో సీపీయూ-థర్మల్ అని ఉంటుంది. డెస్క్‌టాప్‌లో అదే లైను 27800 ఇచ్చింది, టైప్ చూస్తే ఏసీపీఐటీజెడ్, అంటే ఏసీపీఐ (మదర్‌బోర్డులోని బయోస్, ఓఎస్ మాట్లాడుకునే పద్ధతి) ఇచ్చే థర్మల్ జోన్. ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే స్ట్రెస్-ఎన్‌జీతో నాలుగు కోర్లనీ పది నిమిషాలు బాదాను. ఫ్యాన్ మోత హాల్లోకి వినబడుతోంది, ఫైలులో 27800. ఆపేసి చూస్తే 27800. రాత్రంతా ఆఫ్‌లో ఉంచి పొద్దున్నే ఆన్ చేసినా 27800. థర్మల్ జోన్1 కూడా తక్కువేం తినలేదు: ఎప్పుడు చూసినా 29800.

ముందు లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ మీద అనుమానం వచ్చింది. పాత కెర్నల్ ఉన్న లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసినా అంకె మారలేదు. తర్వాత లెక్క మీద. ఏసీపీఐ ఉష్ణోగ్రతని కెల్విన్‌లో పదో వంతుల్లో ఇస్తుంది. 27.8 రావాలంటే లోపల్నుంచి 3010 వచ్చి ఉండాలి, లైనక్స్ అందులోంచి 2732 తీసేసి ఉండాలి. అదే మెషీన్‌లో విండోస్‌లోకి వెళ్లి అడ్మిన్‌గా ఏసీపీఐ థర్మల్ జోన్ క్లాస్‌ని అడిగితే అదీ 3010 అనే అంది. 273.15 తీసేస్తే 27.85. రెండు ఓఎస్‌లూ ఒకే అబద్ధం చెబుతున్నాయంటే అది వాటి కిందే ఎక్కడో పుట్టింది.

ఏసీపీఐడంప్‌తో బయోస్ ఓఎస్‌కి ఇచ్చే ఏసీపీఐ టేబుళ్లు బయటికి లాగి, వాటిలో ముఖ్యమైన డీఎస్‌డీటీని ఐఏఎస్ఎల్ టూల్‌తో చదవగలిగే కోడ్‌గా విప్పాను. ఉష్ణోగ్రత చెప్పాల్సిన మెథడ్ పేరు అండర్‌స్కోర్ టీఎంపీ. దాని లోపల ఉన్నది ఒకే ఒక్క లైను: రిటర్న్ 0బీసీ2. హెక్స్‌లో బీసీ2 అంటే 3010. జోన్1 మెథడ్‌లో బీడీ6, అంటే 3030. సెన్సర్‌ని అడగడం లేదు, ఏ రిజిస్టరూ చదవడం లేదు. నా ఊహేంటంటే, ఓఎస్‌కి ఒక థర్మల్ జోన్ కనబడితే చాలని బయోస్ రాసినవాళ్లు ఓ అంకె వేసి వదిలేశారు. బోర్డు కంపెనీ పేరెందుకులే. ఇదే బోర్డుని డీఎంఐలో (బయోస్ దాచుకున్న హార్డ్‌వేర్ వివరాల పట్టికలో) సీరియల్ నంబర్ అడిగితే ‘టు బి ఫిల్డ్ బై ఓ.ఈ.ఎం.’ అంటుంది, ఇంక ఉష్ణోగ్రత సంగతి చెప్పాలా!

నిజం చెప్పేది కోర్‌టెంప్ డ్రైవర్. అది ఇంటెల్ చిప్ లోపలి సెన్సర్‌నే చదువుతుంది. టెంప్1 లేబుల్ ప్యాకేజ్ ఐడీ 0, అంటే చిప్ మొత్తం; టెంప్2 నుంచి టెంప్5 దాకా నాలుగు కోర్లు. ఖాళీగా ఉంటే 51, స్ట్రెస్ పెడితే 83, క్రిటికల్ 100. బాక్సులో వచ్చిన కూలర్‌తో ఈ ఎండలకి ఇది నమ్మదగ్గ లెక్క.

ఇక్కడితో కథ కంచికి వెళ్లాలి. స్క్రిప్ట్‌లో కోర్‌టెంప్‌ని హెచ్‌డబ్ల్యూమాన్2 (లైనక్స్ సెన్సర్లకిచ్చే ఫోల్డర్లలో ఒకటి) అని నంబరుతో రాసేశాను. రీబూట్ చేస్తే 44 వచ్చింది, స్ట్రెస్ పెట్టినా కదల్లేదు. ఈసారి అబద్ధం కాదు, అది హార్డ్ డిస్క్ ఉష్ణోగ్రత. హెచ్‌డబ్ల్యూమాన్2 అన్న నంబరు హార్డ్ డిస్క్ వేడి చదివే డ్రైవ్‌టెంప్‌కి పోయి, కోర్‌టెంప్ హెచ్‌డబ్ల్యూమాన్3 అయి కూర్చుంది. డ్రైవర్లు ఏ వరసలో లోడైతే నంబర్లు ఆ వరసలో పడతాయి. కాబట్టి నంబరుతో పని లేకుండా, ప్రతి హెచ్‌డబ్ల్యూమాన్ ఫోల్డర్‌లో నేమ్ ఫైలు చదివి కోర్‌టెంప్ దొరికాక, అందులో లేబుల్ చూసి ప్యాకేజ్ అంకె తీసుకుంటున్నాను. ఏఎండీ మెషీన్ అయితే ఆ పేరు కే10టెంప్. సరిచూసుకోవడానికి ఎక్స్86 ప్యాకేజ్ టెంప్ అనే థర్మల్ జోన్ ఉంది. రెండింటికీ ఒక డిగ్రీకి మించి తేడా రాలేదు.

ఇదంతా చదివిపెట్టే పైథాన్ లైబ్రరీ పీఎస్‌యుటిల్ వాడొచ్చుగా అంటారు. మంచి లైబ్రరీయే, చిప్ పేర్లతో సహా ఇస్తుంది. కానీ అది ఇచ్చే డిక్షనరీలో మొదటిది పట్టుకుపోయే స్క్రిప్ట్‌లు కుప్పలుగా ఉన్నాయి. ఆ మొదటిది ఏసీపీఐటీజెడ్ అయితే మళ్లీ 27.8 దగ్గరికే వస్తాం. పైగా విండోస్‌లో దాని ఉష్ణోగ్రత ఫంక్షనే లేదు. ల్యాప్‌టాప్‌లలో ఏసీపీఐటీజెడ్ చాలాసార్లు నిజమే చెబుతుంది, అందుకే దాన్ని పూర్తిగా తీసేయలేదు. లోడ్ పెట్టి 30 సెకన్లు ఆగి చదివినా అంకె కదలకపోతే దాని పక్కన ‘నమ్మలేం’ అని రాసేలా పెట్టాను.

ఇప్పుడు కన్ను ఫ్యాన్ ఆర్‌పీఎం మీద పడింది. బోర్డు మీది ఫ్యాన్ సెన్సర్ చిప్‌ని చదివే ఐటీ87 డ్రైవర్ ఎక్కిస్తే డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ అంటోంది, ఆ పోర్టులు ఏసీపీఐ తనవని రాసుకుంది. బూట్ లైన్లో ఏసీపీఐ ఎన్‌ఫోర్స్ రిసోర్సెస్ లాక్స్ (పట్టు సడలించమని) పెడితే లోడవుతుందంటారు. బయోసూ డ్రైవరూ ఒకే చిప్ మీద ఒకేసారి చెయ్యి పెట్టడం నాకు ఇష్టం లేదు. డీఎస్‌డీటీ ఎలాగూ విప్పి ఉంది కాబట్టి, ఆ పోర్టులని బయోస్ నిజంగా వాడుతోందో లేదో ముందు చదువుతాను. ఈలోపు డీఎంఐ పట్టిక చదివే డీఎంఐడీకోడ్ టైప్ 17తో ర్యామ్ స్లాట్ల పని మొదలుపెడతాను. దానికి రూట్ (అడ్మిన్) హక్కులు కావాలి, స్క్రిప్ట్ మొత్తాన్ని సుడోతో నడపకుండా ఆ ఒక్క ముక్కని విడగొట్టాలి.